హిమముపై బాటలు

తెలుగులో "మంచు" అనునది మిక్కిలి ఉదారమైన మాట. ధనుర్మాసపు తెల్లవారుజామున గడ్డిపరకలపై నిలుచు బిందువులు మంచు. ఆ వేళకే విజయవాడ రహదారిని కప్పివేసి లారీలచేత దీపములు వేయించునది పొగమంచు. హిమాలయ శిఖరములపై తెల్లగా మెరయునది మంచు. చేపల పెట్టెలలో వేసి పంపునది మంచుగడ్డ. మంగళగిరిలో నివసించువారికి ఈ నాలుగింటికిని ఒకే మాట ఉండుటవలన కలుగు చిక్కు ఏమియు లేదు. మనము నిత్యము చూచునవి రెండు మూడే. వానిలో ఒకదానిని చూచి మరియొకటి అని ఎవరును పొరపడరు.

అయితే మన జిల్లాలనుండి ఉత్తర అమెరికాలోని చలిప్రదేశములకు చదువులకును ఉద్యోగములకును పోయెడి యువతీయువకులు నేడు పెక్కుమంది. అచట శీతకాలమున నేల తెల్లబడును, చెరువులు గడ్డకట్టును, హిమముపై జారుట, హిమముపై వాహనములు నడుపుట వినోదములగును. ఏ మంచు ఎప్పుడు మనిషిని మోయునో తెలిసికొనుట అచటివారికి వినోదము కాదు, ప్రాణావసరము. 2022 డిసెంబరు 26వ తేదీన అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున వుడ్స్ కేనియన్ అను సరస్సుపై గట్టిపడిన మంచు విరిగి ముగ్గురు తెలుగువారు నీట మునిగి మరణించిరి. వారిలో గుంటూరు జిల్లానుండి వెళ్ళినవారును కలరు. "అంత చలిలో గడ్డకట్టిన చెరువు ఏల విరిగినది?" అని తరగతిలో ఒక విద్యార్థి అడిగినచో చెప్పవలసిన సమాధానము ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రమునకు మించినది కాదు. "అట్టి మంచుపై మనిషి ఏల జారును?" అని అడిగినచో మాత్రము చాలకాలముగా పుస్తకములలో నిలిచియున్న సమాధానమును కొంత సవరింపవలసి యుండును.

ఈ వ్యాసమున హిమము అనగా ఆకాశమునుండి స్ఫటికముల రూపమున రాలునది. మంచుగడ్డ అనగా నీరు గడ్డకట్టగా ఏర్పడునది. రెండును ఒకే పదార్థమే. ఐనను నూలుదారమునకును నేసిన బట్టకును ఎంత భేదమున్నదో వీనికిని అంత భేదమున్నది.

ఉదాహరణకు ఒక ఊరిని తీసికొందము. మిషిగన్ రాష్ట్రపు ఉత్తరపు కొనన, సుపీరియరు సరస్సులోనికి పొడుచుకొని పోయిన కీవినా అను ద్వీపకల్పముపై హౌటన్ అను చిన్న పట్టణము కలదు. ఒకప్పుడు రాగి గనులకు పేరుపడిన సీమ అది. ఆ గనుల కొరకై 1885లో స్థాపించిన పాఠశాలయే నేటి మిషిగన్ సాంకేతిక విశ్వవిద్యాలయము. తెలుగు విద్యార్థులును అచట చదువుచున్నారు. 1922లో ఆరంభమైన శీతకాలపు ఉత్సవమునకు అచటి విద్యార్థులు హిమముతో భవనములంతటి శిల్పములు కట్టుదురు. పట్టణమునకును ఎదుటి గట్టుననున్న హాంకాక్‌కును నడుమ 1959లో ప్రారంభమైన రెండంతస్తుల వంతెన యొకటి యున్నది. ఓడలు వచ్చినప్పుడు దాని నడిమి భాగము నిలువుగా పైకి లేచును. క్రింది అంతస్తు రైళ్ళకొరకు కట్టినది. రైళ్ళు ఆగిపోయిన తరువాత శీతకాలమున ఆ అంతస్తు మీదుగా స్నోమొబైళ్ళు పోవుచున్నవి.

స్నోమొబైలు అనగా ముందు రెండు స్కీలు, వెనుక తిరిగెడి రబ్బరు పట్టా, నడుమ ఇంజను గల వాహనము. చూచుటకు మోటారు సైకిలును తలపించును. కెనడాలోని క్విబెక్ రాష్ట్రమువాడగు జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియరు 1937 ప్రాంతమున పలువురు కూర్చుండు పెద్ద బండిని, 1959లో ఒకరిద్దరు ఎక్కు చిన్న బండిని తయారు చేసెను. ఈ చిన్న బండితోనే ఈ క్రీడ ఉత్తర దేశములంతట వ్యాపించినది. ఇక స్కీ యన్నది పాదమునకు కట్టుకొను పొడవైన సన్నని పలక. హౌటన్ చుట్టును ఈ రెండింటికిని వేరువేరు బాటలున్నవి. హిమము ఎంత లోతున్నది, బాటను ఎప్పుడు చదును చేసిరి, గట్టిగా నున్నదా మెత్తగా నున్నదా అను వివరములు శీతకాలమంతయు ప్రకటింపబడుచుండును. మన ఊళ్ళలో మిరపకాయల ధర అడిగినట్లు అచట ఉదయముననే బాట సంగతి అడుగుదురు.

అచట అంత హిమము ఏల పడును? మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల రైతులకు ఈ కారణము సులభముగా బోధపడును. ఈశాన్య ఋతుపవనము భూమిమీదినుండి బయలుదేరునప్పుడు పొడిగాలియే. బంగాళాఖాతమును దాటునప్పుడు నీటియావిరిని గ్రహించి మన తీరమున కురియును. హౌటన్ విషయమున కెనడానుండి వచ్చు అతిశీతలమైన పొడిగాలి సుపీరియరు సరస్సును దాటును. సరస్సు నీరు గాలికన్న ఎంతో వెచ్చన. గాలి అడుగుపొర వేడెక్కి, తడియై, పైకి లేచి, కీవినా మిట్టలను తాకి ఆ తేమను హిమముగా విడుచును. మనకు బంగాళాఖాతము చేయు పనినే వారికి సరస్సు చేయుచున్నది.

ఆ ప్రాంతమున ఏటేట పడు హిమము సగటున సుమారు 200 అంగుళములు. 1978-79 శీతకాలమున కీవినా మండలమున 390.4 అంగుళములు పడినట్లు నమోదైనది; అనగా 32 అడుగులకు పైమాట. మన మంగళగిరి గాలిగోపురము 153 అడుగులు. అందులో అయిదవ వంతు ఎత్తు ఒక్క శీతకాలమున ఆకాశమునుండి రాలినదన్నమాట. అంత ఎత్తు హిమము ఒక్కసారి నేలపై నిలిచి యుండదు. పడినది పడినట్లు అణగిపోవుచుండును. ఇంకొక వింత: కొత్త హిమము 10 అంగుళములు కరగించినచో 1 అంగుళము నీరు వచ్చునని స్థూలమైన లెక్క. సరస్సు మీదుగా వచ్చి పడు హిమము ఇంకను తేలిక. పదునైదు, ఇరువది అంగుళములకు గాని అంగుళము నీరు రాదు. ఆ లెక్కన 200 అంగుళముల హిమమునందలి నీరు మన గుంటూరు ప్రాంతపు ఏడాది వానకన్న తక్కువే. కొత్తగా పడిన హిమమునందు అధికభాగము గాలియే.

ఆ గాలిని తీసివేసి దానిని బాటగా ఎట్లు మార్చుదురను ప్రశ్న ఇక్కడ వచ్చును. ఇందుకు హిమముయొక్క ఒక ముఖ్య స్వభావమును గుర్తింపవలెను. అది ఎల్లప్పుడును తన ద్రవీభవన స్థానమునకు అతి సమీపముననుండు పదార్థము.

సున్నకు దిగువ 10 డిగ్రీలు అనగానే మనకు వణుకు పుట్టును. ఆ చలి మన శరీరపు లెక్కలోనిది. హిమము లెక్క వేరు. పరమ ఉష్ణోగ్రతా మానములో అది 263 కెల్విన్లు. హిమము కరగునది 273 కెల్విన్ల వద్ద. అనగా ద్రవీభవన స్థానములో నూటికి 96 వంతులు వచ్చియున్నది. ఇనుము కరగునది 1811 కెల్విన్ల వద్ద. అందు నూటికి 96 వంతులనగా సుమారు 1470 డిగ్రీల సెంటీగ్రేడు. అంతటి వేడిలో ఇనుము కమ్మరి కొలిమిలో తెల్లగా మండుచుండును. రెండు ముక్కలను కలిపి సమ్మెటతో కొట్టినచో అతుకుకొని ఒకటి యగును. మనకు గడ్డకట్టించు చలిగా తోచునది హిమమునకు కొలిమి వంటిది. హిమపు కణములు ఒకదానినొకటి తాకినచాలు, అతుకుకొనుటకు సిద్ధముగా నుండును.

హిమపు రేకులు షట్కోణాకృతిలో నుండునని అందరును విన్నదే. జపానులోని హొక్కైడో విశ్వవిద్యాలయమున నకాయా ఉకిచిరో అను శాస్త్రజ్ఞుడు 1936లో ఒక కుందేలు వెంట్రుకపై ప్రయోగశాలలో మొదటి కృత్రిమ హిమస్ఫటికమును పెంచెను. ఉష్ణోగ్రతనుబట్టియు తేమనుబట్టియు పలకలు, సూదులు, నక్షత్రములు ఏర్పడునని చూపెను. సున్నకు దిగువ 15 డిగ్రీల ప్రాంతమున కొమ్మలు గల నక్షత్రములు పుట్టును. ఎంత అందమైన రేకైనను నేలపై పడిన తరువాత దాని అందము ఎక్కువ కాలము నిలువదు. మొనలనుండి నీటి అణువులు ఆవిరియై లేచి, పల్లములలోను, కణములు ఒకదానినొకటి తాకు చోట్లను చేరును. కొమ్మలు అరిగిపోయి కణములు గుండ్రనగును. తాకుడు చోట్ల సన్నని మెడలు ఏర్పడి క్రమముగా బలియును. గుప్పెడు దూదివంటి హిమము ఈ విధముగ కొన్ని గంటలలో అల్లికగా మారును.

ఈ చర్యను మన బజారులోనే చూడవచ్చును. వేసవిలో బండివాడు ఐసును తురిమి, పుల్ల చుట్టును చేర్చి, అరచేతులతో అదిమి, రంగునీరు పోసి యిచ్చును. విడివిడిగా నున్న పలుకులు అదిమినంతనే ఒకే ముద్ద ఏల యగుచున్నవి? 1850లో మైకేల్ ఫారడే ఈ ప్రశ్ననే వేసికొనెను. రెండు మంచుగడ్డలను తాకించినచో అతుకుకొనుటను గమనించి, మంచు ఉపరితలముపై సన్నని ద్రవపు పొర సహజముగానే ఉండుననియు, రెండు ఉపరితలములు కలిసినప్పుడు ఆ పొర లోపలిదై గట్టిపడుననియు ఊహించెను. మంచు కరగుటకు ముందే దాని పైపొరలోని అణువులు క్రమము తప్పి యుండునని తరువాతి కాలపు ప్రయోగములు తెలిపినవి. సున్నకు సమీపించినకొలది ఈ పొర మందమగును.

హౌటన్ బాటలను చదును చేయువారు ఈ అతుకుకొను గుణమునే వాడుకొందురు. ఒక పెద్ద బండి వెనుక బరువైన చట్రమును కట్టి లాగుదురు. ముందున్న కత్తులు మిట్టలను కోసి హిమమును చిన్న కణములుగా తిరుగవేయును. వెనుకనున్న పలక దానిని అదిమి నునుపు చేయును. కణములు చిన్నవైనకొలది తాకుడు చోట్లు ఎక్కువ, అతుకులును ఎక్కువ. ఈ పనిని తరచుగా రాత్రివేళ చేయుదురు. రాత్రి వాహనములుండవు, చలి హెచ్చును, అదిమిన హిమమునకు కొన్ని గంటల విశ్రాంతి దొరకును. అప్పుడే అదిమిన బాటపై వెంటనే బండ్లు నడచినచో అతుకులు పట్టకముందే విడిపోవును. మన రైతులు కళ్ళము చేయునప్పుడు నేలను తడిపి, త్రొక్కించి, అలికి, ఆరువరకు ఎవరిని దానిపై అడుగు పెట్టనీయరు. పదార్థము వేరైనను జాగ్రత్త ఒకటే.

బాట చెడిపోవు విధమును మనకు తెలిసినదే. వాన వెలిసిన తరువాత నల్లరేగడి దారిపై బండ్లు నడచినచో చాళ్ళు పడును. ఎండిన తరువాత ఆ చాళ్ళే రాయివలె బిగిసి మరుసటి బండి ఇరుసును పరీక్షించును. హిమపు బాటయు అంతే. మధ్యాహ్నపు వెచ్చదనమునకు మెత్తబడినప్పుడు పడిన చాళ్ళు రాత్రికి గట్టిపడును. వేగముగా పోవు స్నోమొబైళ్ళు మట్టిరోడ్డుపై లారీలు చేసినట్లే వరుసగా అలలవంటి గతుకులను ఏర్పరచును. గతుకు ఒకసారి మొదలైనచో ప్రతి బండియు దానిపైనుండి ఎగిరి ముందుచోట దిగుటవలన అది తనంతట పెరుగును.

బాట మరీ గట్టిపడి మంచుగడ్డవలె నైనను స్నోమొబైలుకు మంచిది కాదు. పెక్కు బండ్లలో ఇంజనును చల్లార్చు ద్రవము పట్టాకు పైన నున్న గొట్టములలో ప్రవహించును. పట్టా వెదజల్లిన పొడిహిమము ఆ గొట్టములపై పడి వేడిని హరించును. గట్టి మంచుపై పొడి లేవదు. సున్నకు ఎంతో దిగువనున్న చలిలోనే ఇంజను అతిగా వేడెక్కును! పట్టా జారు పట్టీలకు హిమమే కందెన కనుక అవియు వేడిమికి కరగిపోవచ్చును. నాలుగంగుళముల గట్టి పునాది, దానిపై కొద్దిపాటి పొడిహిమము కలిసినప్పుడు బాట చక్కగా నున్నదని అనుభవజ్ఞులు సంతసింతురు.

ఇక స్కీ జారుట సంగతి. మంచుపై పీడనము కలిగించినచో అది కరగును, ఆ నీరే కందెనయై జారుడు కలుగును, అని నేటికిని కొన్ని పుస్తకములలో కానవచ్చును. పీడనము హెచ్చినచో మంచు ద్రవీభవన స్థానము తగ్గునని 1849లో జేమ్స్ థామ్సన్ చెప్పినదియు, మరుసటి సంవత్సరము ఆయన సోదరుడు విలియం థామ్సన్, అనగా తరువాతి కెల్విన్ ప్రభువు, ప్రయోగముచే నిరూపించినదియు సత్యమే. దానిని మంచుపై జారు స్కేట్లకు అన్వయించినది 1886లో జాన్ జోలీ. ఆ అన్వయము సరియైనదా యని లెక్క వేసి చూచుట విద్యార్థులకు మంచి అభ్యాసము.

60 కిలోల మనిషి రెండు స్కీలపై నిలిచెననుకొనుడు. ఒక్కొక్క స్కీ 1.7 మీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు. మొత్తము వైశాల్యము సుమారు 0.2 చదరపు మీటరు. బరువు 588 న్యూటన్లు. పీడనము చదరపు మీటరుకు సుమారు 2,900 న్యూటన్లు. వాతావరణ పీడనములో నూటికి మూడు వంతులు. ఒక వాతావరణ పీడనము హెచ్చినచో ద్రవీభవన స్థానము తగ్గునది 0.0074 డిగ్రీ మాత్రమే. కావున స్కీ క్రింద తగ్గునది డిగ్రీలో ఇంచుమించు అయిదువేలవ వంతు! స్కీ నిజముగా తాకు చోటు అందులో నూరవ వంతే అనుకొన్నను తగ్గుదల డిగ్రీలో ఏబదవ వంతు. స్కేటు బ్లేడు సన్ననిది కావున పీడనము ఎక్కువ. తాకు వైశాల్యము 3 చదరపు సెంటీమీటర్లనుకొన్నచో సుమారు 20 వాతావరణములు వచ్చును. అప్పటికిని తగ్గుదల 0.15 డిగ్రీకి లోపే. జనులు సున్నకు దిగువ 20 డిగ్రీలలో సుఖముగా జారుచున్నారు. పీడనము దీనికి చాలదు.

మరి నీరు ఎక్కడినుండి వచ్చును? ఘర్షణవలన పుట్టిన వేడినుండి. 1939లో బౌడెన్, హ్యూస్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు స్విట్జర్లాండులోని యుంగ్‌ఫ్రౌయోక్ అను ఎత్తైన పరిశోధనాస్థానమున కొలతలు తీసికొని ఈ విషయమును ప్రకటించిరి. వేడిని త్వరగా కొనిపోవు లోహపు స్కీలు, వేడిని నిలుపు ఎబొనైటు స్కీలంత బాగుగా జారలేదు. పీడనమే కారణమైనచో ఈ భేదము ఉండరాదు. ఇక్కడను లెక్క వేయవచ్చును. ఘర్షణ గుణకము 0.05 అనుకొన్నచో, ఘర్షణ బలము 29 న్యూటన్లు. ఒక మీటరు జారుటలో పుట్టు వేడి 29 జౌళ్ళు. గ్రాము మంచు కరగుటకు 334 జౌళ్ళు కావలెను. ఆ వేడి యంతయు కరగించుటకే వినియోగపడినచో 0.09 గ్రాము నీరు వచ్చును. రెండు స్కీలు ఒక మీటరులో తుడిచిన నేలపై దానిని పరచినచో పొర మందము మిల్లీమీటరులో వేయవ వంతుకన్న కొంచెము తక్కువ. కంటికి కనబడని ఆ పొరపైననే మనిషి కొండ దిగుచున్నాడు. ఫారడే చెప్పిన సహజమైన పైపొర ఇందులో ఎంత, ఘర్షణ ఎంత యనుటపై పరిశోధకులలో వాదములు నేటికిని జరుగుచున్నవి. పీడనము ప్రధాన కారణము కాదనుటలో మాత్రము ఈ లెక్కలు చూచినవారికి సందేహముండదు.

చలి మంచు తనంతట జారుడుగా నుండదని మన పిల్లలకు తెలియనిది కాదు. పెట్టెలోనుండి అప్పుడే తీసిన పుల్ల ఐసు నాలుకకు పట్టుకొని వదలదు. రెండు నిముషములైన తరువాత ఉపరితలము తడిసి నాలుక సుఖముగా జారును. 1911లో దక్షిణధ్రువ ఖండమున అతిశీతలమైన హిమముపై స్లెడ్జి బండ్లను లాగిన స్కాట్ బృందమువారు ఇసుకపై లాగినట్లున్నదని చెప్పికొనిరి. ఘర్షణవలన పుట్టిన స్వల్పమైన వేడి అంతటి చలిలో మంచును కరగింపజాలదు. సున్న దగ్గర మరియొక చిక్కు. నీరు ఎక్కువై స్కీ అడుగును పీల్చి పట్టుకొనును. సున్నకు కొద్ది డిగ్రీల దిగువనున్నపుడు జారుడు శ్రేష్ఠము. ఆనాటి ఉష్ణోగ్రతను బట్టి స్కీ అడుగున గట్టి మైనమో మెత్తని మైనమో రాయుదురు. ఫ్లోరిను కలిసిన మైనములు అన్నింటికన్న వేగమిచ్చుచుండెను. కాని అవి ప్రకృతిలో విచ్ఛిన్నము కాక నిలిచిపోవు రసాయనములు కావున, అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 క్రీడాకాలమునుండి వానిని పోటీలలో నిషేధించినది.

తరగతిలో చేయదగిన ప్రయోగమొకటి చెప్పెదను. మంచుదిమ్మెపై రాగితీగను వేసి ఇరువైపుల బరువులు వ్రేలాడదీసినచో తీగ లోనికి దిగి, పైన మంచు తిరిగి అతుకుకొనునని మనము బోధించుచున్నాము. అదే దిమ్మెపై అదే మందముగల నైలాను దారమును, అవే బరువులతో ప్రక్కనే వేసి చూడుడు. పీడనము రెండింటికిని ఒకటే. రాగితీగ దిగునంత వేగముగా నైలాను దిగదు. రాగి మన గదిలోని వేడిని మంచులోనికి కొనిపోవుచున్నది; నైలాను అట్లు చేయజాలదు. బౌడెన్, హ్యూస్‌ల స్కీలలో కనబడిన భేదమే ఇక్కడను మరియొక రూపమున కనబడును. మే నెలలో మన గదులలో చేయు ప్రయోగమున బయటి వేడి ప్రమేయమును విస్మరింపరాదు.

హిమము ద్రవీభవన స్థానమునకు ఇంత సమీపమున నుండుటవలననే ఒకటి రెండు డిగ్రీల భేదము ఊరి శీతకాలమునంతటిని మార్చివేయును. విస్కాన్సిన్ రాష్ట్రమున జరుగు అమెరికన్ బిర్కెబైనర్ అను ప్రసిద్ధమైన స్కీ పందెము సాధారణముగా కేబుల్ నుండి హేవార్డ్ వరకు సుమారు 50 కిలోమీటర్లు సాగును. 2024లో హిమము లేక 10 కిలోమీటర్ల బాటపై యంత్రములతో హిమము తయారుచేసి, దాని చుట్టునే పందెగాండ్రను త్రిప్పిరి. మన దేశముననే కాశ్మీరులోని గుల్మార్గ్‌లో 2025 ఫిబ్రవరిలో జరుగవలసిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలు హిమము చాలక మార్చి నెలకు వాయిదా పడినవి. యంత్రములనుండి వచ్చునది నకాయా పెంచిన నక్షత్రము కాదు. సన్నని నీటితుంపురులు గాలిలో గడ్డకట్టిన గుండ్రని పలుకు. అది బరువైనది, గట్టిగా అతుకుకొనును, త్వరగా కరగదు. పందెమునకు పనికివచ్చును గాని అడవి అంతటను పరచుట ఎవరివల్లను కాదు.

బాట మెత్తబడినచో స్కీ నిలిచిపోవును, బండి కూరుకొనును. అంతకు మించిన హాని అరుదు. సరస్సు విషయము అట్లు కాదు. చలిప్రదేశములలో పెక్కు బాటలు గడ్డకట్టిన సరస్సుల మీదుగా పోవును; బాట లేనిచోటను జనులు దిగి నడతురు.

నీరు 4 డిగ్రీల వద్ద అత్యంత సాంద్రము కనుక చెరువు పైనుండి గడ్డకట్టునని పాఠములో ఉన్నది. ఆ పొర ఎట్లు దళసరి యగును? క్రింది నీరు గడ్డకట్టునప్పుడు విడుచు గుప్తోష్ణము పైనున్న మంచు గుండానే గాలిలోనికి పోవలెను. మంచు మందమైనకొలది వేడి పోవుట నెమ్మదించును. దీనినుండి మందము చలి మొత్తముయొక్క వర్గమూలమునకు అనులోమముగా పెరుగునను స్టీఫాన్ సూత్రము వచ్చును. చలి మొత్తమును డిగ్రీ-దినములలో లెక్కింతురు. సగటున సున్నకు దిగువ 5 డిగ్రీలుగా పదిదినములు గడచినచో 50 డిగ్రీ-దినములు. హిమము కప్పని సరస్సుపై మందము సెంటీమీటర్లలో, అత్యధికముగా, ఈ సంఖ్య వర్గమూలమునకు మూడున్నర రెట్లు. అనగా ఇక్కడ 25 సెంటీమీటర్లు. మందము రెండింతలు కావలెనన్నచో చలి నాలుగింతలు కావలెను.

మంచుపలక మోయగల బరువు దాని మందముయొక్క వర్గమును బట్టి యుండును. 4 అంగుళముల మంచు మోసిన దానిలో 2 అంగుళములది నాలుగవ వంతే మోయును. ఈ రెండు సూత్రములను కలిపినచో వర్గమును వర్గమూలమును ఒకదానినొకటి కొట్టివేయును: సరస్సు మోయగల బరువు, ఆ శీతకాలమున అంతవరకు పోగైన చలికి సూటిగా అనులోమము. ఒకరాత్రి వణికించిన చలి లెక్కలోనికి రాదు, పోగైనదే లెక్క. పగలు వెచ్చగా నుండి రాత్రి మాత్రమే గడ్డకట్టుచోట ఆ పోగు ఎంత స్వల్పమో ఊహింపవచ్చును.

ఇందులో హిమము చేయు మోసమును గమనింపుడు. సరస్సుపై హిమము దట్టముగా పరచుకొన్నచో చూచువారికి ధైర్యము కలుగును. నిజమునకు హిమము దుప్పటి వంటిది. కొత్త హిమము వేడిని కొనిపోవు శక్తి మంచుగడ్డకున్నదానిలో ఇరువదవ వంతుకన్న తక్కువ. దుప్పటి కప్పిన సరస్సుపై మంచు మందగతిని పెరుగును. పైన వేసిన లెక్కలో సగమో, మూడింట రెండు వంతులో మాత్రమే వచ్చును. హిమపు బరువుకు పలక క్రుంగి, పగుళ్ళనుండి నీరు పైకి వచ్చి, హిమముతో కలిసి బురదయై, తరువాత తెల్లని మంచుగా గట్టిపడును. గాలిబుడగలతో నిండిన ఈ తెల్లమంచు స్వచ్ఛమైన నీలిమంచుకన్న బలహీనము. మిన్నెసోటా రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖవారు కొత్తగా ఏర్పడిన స్వచ్ఛమైన మంచు 4 అంగుళములున్నచో నడువవచ్చుననియు, స్నోమొబైలుకు 5 నుండి 7 అంగుళములు కావలెననియు, తెల్లమంచు అయినచో ఈ మందములను రెట్టింపు చేసికొనవలెననియు చెప్పుచున్నారు. ఏ మంచును పూర్తిగా నమ్మదగినది కాదని కూడ వారే హెచ్చరించుచున్నారు. వాగులు కలియుచోట, ఊటలున్నచోట, వంతెనల క్రింద నీరు కదలుచుండుటచే ఒకే సరస్సుపై పది అడుగుల దూరములో మందము సగమై యుండవచ్చును. అందుచేత అచటివారు నడచుచు మధ్యమధ్య చిన్న రంధ్రము తొలిచి కొలుచుచుందురు.

మార్చి, ఏప్రిల్ నెలలలో ఈ అంగుళముల లెక్కయు పనికిరాదు. మంచుపలక నిలువైన స్ఫటికముల కట్టగా పెరిగియుండును. ఎండ లోపలికి చొచ్చి ఆ స్ఫటికముల నడుమ కీళ్ళను ముందుగా కరగించును. పైనుండి చూచిన మందము తగ్గినట్లుండదు. కొలచినచో ఇంకను అడుగు మందమే యుండును. లోపల మాత్రము అది ఒకదానిప్రక్క నొకటి నిలిపిన కొవ్వొత్తుల కట్టవలె నుండి, కాలు మోపినచోట పుల్లలు పుల్లలుగా విడిపోవును.